సూదుల మామ గీసిన నీలి గీత

మా సూదుల మామ పోయాడు. పొద్దున పశువులకు మేత వేస్తుంటే కడప నుంచి అత్త ఫోన్ చేసి చెప్పింది. గంప కింద పెట్టి మొదట నేను చేసిన పని ఏడవడం కాదు. మేనేజర్ ఆఫీసు గది వైపు చూడడం. ఎందుకో చెప్తాను.

ఒమాన్‌లో సలాలా దగ్గర మా ఫారంలో మేపిన కోడెల మాంసం ఓడెక్కి వేరే దేశాలకు పోతుంది. దానికో గట్టి రూలుంది. యాంటీబయాటిక్ సూది పడ్డ పశువును, ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా కోతకు పంపకూడదు. సూది వేయడం మామ పని. వేసిన వెంటనే కోడె తుంటి మీద నీలం రంగుతో అడ్డగీత గీసేవాడు. ఆ గీత ఉన్నది గేటు దాటదు. గడువు తీరాక మామే తుడిచేవాడు.

సూది వేసేముందు పశువు చెవిలో ఏదో గొణిగేవాడు. ఏం చెప్తావు మామా అంటే, "నీ మాదిరి వాగద్దని చెప్తాండా" అనేవాడు. గడువు తీరకముందే గీత తుడవమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆయనది ఒకటే మాట: "మందు గొడ్డుకు రా, తినేటోళ్లకు కాదు."

ఒకసారి ఆయన కునుకు తీస్తుంటే చొక్కా వీపు మీద నేనే ఆ రంగుతో గీత గీశాను. అలాగే బజారుకు పోయి అరటిపళ్లు కొనుక్కుని వచ్చాడు. మెస్‌లో అందరూ నవ్వుతుంటే చొక్కా విప్పి చూసుకుని, "మంచి పని చేస్తివి రా. ఇంక నన్ను ఏ లారీ ఎక్కియ్యరు" అన్నాడు.

ఎక్కించారు. లారీ కాదు, విమానం. పోయిన ఏడాది ఓడకు కోడెలు చాలకపోతే మేనేజర్ మామకు తెలియకుండా గీతలు తుడిపించి లారీ నింపాడు. అవతలి దేశంలో పరీక్ష చేస్తే మాంసంలో మందు తేలింది. సరుకంతా వెనక్కొచ్చింది. సూది వేసి గీత గీయడం మరిచాడని మేనేజర్ నేరం మామ మీదికి తోశాడు. అర్బాబ్, అంటే మా యజమాని, నమ్మాడు. వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. అడ్డం మాట్లాడిన నన్ను, "నీ మాట ఎవడు నమ్ముతాడయ్యా, వేళాకోళం మనిషివి" అన్నాడు మేనేజర్. ఆయనా మన తెలుగువాడే.

చివరిసారి ఫోన్లో మామ గొంతు సరిగా రాలేదు. "పానం పోతే పోనీ రా. నేను గీత గీయకుండా పంపినానన్న మాట మాత్రం నిలబడకూడదు" అన్నాడు.

వార్త వచ్చిన రోజున సూది పడ్డ కోడెలకు నేనే గీతలు గీశాను. అయితే వాడింది మా డబ్బా రంగు కాదు. రేవులో పడవలకు పూసే నీలం పెయింటు.

మర్నాడు మళ్లీ ఓడకు కోడెలు తక్కువయ్యాయి. "గీతలు కడిగేయండ్రా" అన్నాడు మేనేజర్. మామ పోయిన మర్నాడు ఆ పనికి ఒక్కరూ కదల్లేదు. బయట లారీ హారన్ కొడుతోంది. చేసేది లేక డ్రైవర్ని వెంటబెట్టుకుని ఆయనే దిగాడు. సబ్బుతో పోలేదు. పెట్రోల్‌తో రుద్దాడు. గీత చెదిరిందే గానీ పోలేదు. అయినా వాటినే లారీ ఎక్కించాడు.

అంతలో సంతాపం చెప్పడానికి అర్బాబ్ వచ్చాడు. ఇక్కడి పద్ధతి ప్రకారం మెస్‌లో వరుసగా నిలబడ్డ మా అందరి చేతులూ పట్టుకుంటూ వచ్చి, మేనేజర్ ముందు చెయ్యి చాపాడు. మేనేజర్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"చెయ్యి ఇవ్వండి సార్, పెద్దాయన నిలబడున్నాడు," అన్నాను.

తీశాడు. మోచేతుల దాకా నీలం. అర్బాబ్ ఆ చేతులు చూశాడు, కిటికీలోంచి లారీ చూశాడు. "పోయినసారి కూడా?" అని ఉర్దూలో అడిగాడు. మేనేజర్ చేతులు మళ్లీ జేబుల్లోకి తోశాడు. డ్రైవరే తల వంచుకుని, "జీ, అప్పుడూ మేమే" అన్నాడు.

అర్బాబ్ చూస్తుండగానే నేను అత్తకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి మేనేజర్ నోటి దగ్గర పట్టుకున్నాను.

"అమ్మా, తప్పు ఆయనది కాదండి. గీతలు నేనే తుడిపించాను."

"మొన్నటిదాకా వినేదానికి మనిషి ఉండె కదప్పా," అని అత్త ఫోన్ పెట్టేసింది.

మామ మీది మాట పోయింది. నా కసి పోలేదు, పోవాలని నాకూ లేదు. ఇక్కడ ఖరీఫ్ అనే వానాకాలపు తుంపరలో లారీ దిగిన కోడెలు దొడ్లో మేత నములుతున్నాయి. కొత్త మనిషి దొరికేదాకా మేనేజర్ ఇక్కడే ఉంటాడు. మెస్‌లో మేమంతా చేత్తో కలుపుకుని తింటాం. ఆయన మాత్రం చేతుల నీలం ఇంకా వదలక, ఎడమ చెయ్యి బల్ల కింద దాచుకుని, పప్పన్నం చెంచాతో తింటున్నాడు. నేను రోజూ ఆయనకు ఎదురుగానే కూర్చుంటున్నాను.