నాడిలో కండ

మొన్న గురువారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఆదోని ఆస్పత్రిలో నర్సు నా మణికట్టు పట్టుకొని, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టి, "నాడి బాగుందవ్వా" అంది. అంతకు మించి ఏమీ జరగలేదు. చీటీ నా చేతికిచ్చి తర్వాతి మనిషిని పిలిచింది. నేను మాత్రం బయట బల్ల మీద కూర్చొని చాలాసేపు లేవలేకపోయాను. ఎమ్మిగనూరు అయ్యవారు పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన గురించి ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఆయన కథలు చదివినవాళ్లే తగ్గిపోతున్నారు. అందుకని నాకు తెలిసినంత రాస్తున్నాను.

డెబ్బైలు ముగిసే రోజులవి. మా అక్క తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకొని వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన తలుపు నాకు మూశారు. నాన్న లేడు కనుక మేము పెదనాన్న ఇంట్లో పెరిగాం. ఆయన పత్తి మార్కెట్లో గుమస్తా. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కాలేజీ మాన్పించి, వీధి గడప దాటవద్దని ఒక్కసారి చెప్పాడు, అంతే. మూడేళ్లు దాటలేదు. మా ఇంటి వెనక గదికి ఒక కిటికీ ఉండేది. దానికి మూరెడు దూరంలో పక్కింటి కిటికీ. నడుమ సందులో పిల్లులు తప్ప ఎవరూ నడవరు. ఆ కిటికీలో ఒకామె ఉండేది. నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. హకీం గారి కూతురు, దర్జీ భార్య. ఆమె కూడా గడప దాటదు. నేను గడప దాటక మూడేళ్లైతే ఆమె దాటక ఇరవై మూడేళ్లు. ఆ లెక్క ఆమె ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మా ఇంటికి ఒక వారపత్రిక వచ్చేది. అది నా కోసం కాదు, వారఫలాల కోసం. పెదనాన్న తన రాశి, పెద్దమ్మ రాశి చదివి పత్రిక గూట్లో పెట్టేవాడు. నా రాశి కూడా చదివేవాడు గానీ పైకి చెప్పేవాడు కాదు. ఎందుకంటే రెండు వారాలకొకసారి నాకు ప్రయాణం ఉందని రాసేవారు. మిగిలిన పత్రికంతా నాది. అందులోనే అయ్యవారి ధారావాహిక వచ్చేది. ఆయన ఎమ్మిగనూరు బడిలో సైన్సు చెప్పేవారట. గంట సేపు బస్సులో వెళితే చేరే ఊళ్లో ఉన్న మనిషి చుక్కల గురించి రాస్తాడంటే నాకు మొదట నమ్మకం కలగలేదు. కానీ ఆయన కుజగ్రహం మీద నేల అచ్చం దేవనకొండ దగ్గర చేలలాగే ఉండేది. ఎర్రగా, రాళ్లతో, వాన కోసం ఎదురు చూస్తూ. పంపుసెట్లు బాగుచేసే ఒక ఆడమనిషి నీళ్లు వెతకడానికి అక్కడికి వెళుతుంది. దుమ్ముగాలి వచ్చి కొండగుహ మూసుకుపోతుంది. ఆమె లోపల చిక్కుకుంటుంది. ఆమె బయటికి వస్తుందా రాదా, అదే కథ.

ఖాలాకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు నడుం వాల్చాక నేను కిటికీ దగ్గర కూర్చొని ఆమెకు వినిపించేటట్టు చదివేదాన్ని. కథలో మనుషులు ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి నాడి ఎక్కి పోతారు. "ఆమె నాడిలో కూర్చుంది. నాడి ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది." నాకు అర్థం కాలేదు. ఖాలాకు వెంటనే అర్థమైంది. వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంటే రోగి ప్రాణం ఎంత దూరం పోయిందో, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పేవాడట. మనిషి కూర్చున్నచోటే కూర్చొని నాడి మీద పోవచ్చునని ఆమె తేల్చింది. తర్వాతి వారం "నాడిలో కండ తగ్గిపోయింది, ఇక ఇల్లు చేరడం కష్టం" అని వచ్చింది. దాంతో ఆమె వైద్యమే మొదలుపెట్టింది. ఆ రోజుల్లో నేను సరిగ్గా తినేదాన్ని కాదు. ఎందుకు తినాలో తెలిసేది కాదు. ఆ వారం నుంచి కిటికీలోంచి రొట్టె, దాని మీద ఇంత పప్పు వచ్చేవి. తినకపోతే ఆమె కథ వినేది కాదు.

"నాడిలో కండ లేకపోతే యాడికి పోతావు బేటీ? సందు గూడ దాటలేవు. తిను."

తిన్నాను. ఇద్దరం మణికట్టు మీద వేళ్లు పెట్టుకొని కళ్లు మూసుకునేవాళ్లం. ఆమె ఎక్కడికి పోయేదో చెప్పేది కాదు. నేను కాలేజీ దాకా పోయి వచ్చేదాన్ని.

ఒక రోజు అయ్యవారికి కార్డు రాశాను. మూసిన ఇంట్లో ఉన్నవాళ్లు నాడి ఎక్కవచ్చునా అని ఒకే ప్రశ్న. నిజానికి ఇల్లు అని రాయలేదు, గది అని రాశాను. కింద "ఒక పాఠకురాలు, ఆదోని" అని పెట్టాను. కార్డు ఖాలా భర్త చేత డబ్బాలో వేయించాం. ఆయనకు తెలుగు చదవడం రాదు కనుక మా రహస్యానికి అంతకంటే మంచి టపా మనిషి దొరకడు. చిరునామా లేని కార్డుకు జవాబు ఎలా వస్తుంది? రాలేదు. కానీ నాలుగు వారాల తర్వాత కథలో గుహలో ఉన్న ఆమె తనలో తాను ఒక మాట అనుకుంటుంది: "నాడి ఎక్కడానికి తలుపు తెరిచి ఉండనక్కర లేదు." నేను అది రెండుసార్లు చదివాను. యాదృచ్ఛికం అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు కథ రావలసిన పేజీలో చిన్న పెట్టె కట్టి వేశారు. రచయిత హఠాత్తుగా మరణించారని, ధారావాహిక ఇంతటితో ఆగిపోతున్నదని, ఆదివారం ఎమ్మిగనూరు బడిలో సంతాప సభ అని. గుహలో ఆమె ఇంకా లోపలే ఉంది. ఖాలా మాత్రం, ఆయన రాసిపెట్టింది ఇంట్లో ఏమన్నా ఉంటుంది, పోయి కనుక్కోమంది. "ఆమె బయటికొచ్చినాదో లేదో, అదొక్కటి అడిగి రా. నేనెట్లా పోలేను."

నేను మాత్రం ఎట్లా పోగలను? అదే సంచికలో నా రాశికి బంధువులతో స్వల్ప ప్రయాణం అని ఉంది. అదీ, సభ సంగతీ పెద్దమ్మకు చూపించాను. పెద్దమ్మ ఇంట్లో ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు వడ్డిస్తూ, తల ఎత్తకుండా అంది: "ఫలితాలు నిజమైతే పిల్లను తీసకపో. అబద్ధమైతే రేపట్నుంచి ఆ పుస్తకం ఇంట్లోకి తేవద్దు." పెదనాన్న మజ్జిగ తాగడం ఆపి ఆలోచించాడు. పన్నెండేళ్లుగా చదువుతున్న పత్రిక. ఆదివారం ఇద్దరం బస్సెక్కాం.

బడి హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. అయ్యవార్లు కొందరు, ఎక్కువమంది నేతపనివాళ్లు. ఆయన కూడా ఆ ఇళ్లలో పుట్టినవారేనని అప్పుడే తెలిసింది. పెద్దవాళ్లు మాట్లాడాక ఒక ముసలి నేతగాడు లేచి నిలబడ్డాడు. "మా గుంత మగ్గంలో ఆడే నాడె అప్పా ఆ కథలోది. ఈ కొసన ఇసిరితే ఆ కొసకు పోయి మళ్లా వస్తాది గదా. దాన్ని తీసకపోయి సుక్కల్లోకి ఇసిరినాడు అయ్యవారు. లోపల నూలు సుట్టిన కండె ఉన్నంతసేపే అది ఆడేది. అచ్చులో నాడి, కండ అని ఏసింటే మేమంతా నవ్వుకుంటిమి."

కంపోజిటరు పట్నంవాడు. నాడె అనే మాట అతను విని ఉండడు. డకారం మీద ఎత్వం తీసి గుడి పెట్టాడు. కండె మీది ఎత్వం పూర్తిగా పోయింది. ఆ పోయిన ఎత్వం మీద నేనూ ఖాలా ఏడాది బతికాం. హాల్లో అందరూ నవ్వారు. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సభ అయ్యాక ఆయన భార్య దగ్గరికి వెళ్లి, కథ మిగిలిందా అని అడిగాను. ఆమె నోటుబుక్కు తెచ్చి చూపింది. మొదటి సగమంతా నాడె. ఒక పేజీ నుంచి నాడి. ఆ పేజీలో నా కార్డు అంటించి ఉంది. పక్కన నిలబడిన పెదనాన్న వంగి చదివాడు. నా చేతిరాత ఆయనకు తెలుసు.

"తప్పు దిద్దమని పత్రికోళ్లకు జాబు రాసినాడమ్మా," అందామె. "అంతలో ఈ కార్డొచ్చినాది. జాబు సించేసినాడు. ఉండనీలే, ఆ పాప ఎక్కింది నాడె కాదు, నాడి అన్నాడు. ఆ పొద్దు నుంచి ఆయనే అట్ల రాసినాడు."

ఆ పాపను నేనేనని చెప్పలేదు. చివరి పేజీ చూశాను. గుహ గోడకు చెవి ఆనించి ఆమె ఏదో వింటున్నది. వాక్యం సగంలో ఆగింది.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక పెదనాన్న అన్నాడు: "గది అని రాసినావు పాపా. అది ఇల్లు గదా." కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయన అడిగినట్టుగా అన్నాడు. మూడేళ్లలో జవాబు చెప్పే అలవాటు పోయింది. మరుసటి ఏడు ఆయన నన్ను కర్నూలుకు ట్రైనింగుకు పంపాడు. ఎందుకు పంపాడో చెప్పలేదు, నేను అడగలేదు.

మేము సభ నుంచి వచ్చిన సాయంత్రం ఖాలా కిటికీ దగ్గర కాచుకొని ఉంది. నాడె సంగతి ఆమెకు చెప్పలేదు. మిగిలిన కథ రాసిపెట్టి పోయారని, నకలు రాసుకొని వచ్చానని చెప్పాను. మరునాటి నుంచి నా పాత లెక్కల నోటుబుక్కు ముందు పెట్టుకొని, లేని కథ చదివాను. పదకొండు వారాలు. మూడో వారానికి ఆమె రొట్టె అందిస్తూ, "అయ్యవారు సచ్చిపోయినాక బాగా రాస్తాండాడు" అంది. ఇద్దరం నవ్వాం. పదకొండో వారం గుహలో ఆమెను బయటికి తెచ్చాను. ఖాలా కళ్లు తుడుచుకొని, ఇంటికి పోయి చేరిందా అని అడిగింది. చేరిందన్నాను.

నేను కర్నూలు వెళ్లిపోయాను. సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆమెకు ఏదో ఒకటి చదివాను. ఆమె ఆ ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు, ఎనభైలు ముగిసే ముందు కాలం చేసింది. గుహలోంచి ఒక మనిషిని తీయడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. పక్క కిటికీలోంచి ఒక మనిషిని తీయడానికి పదేళ్లు చాలలేదు. ఆ ఇళ్లలో ఇప్పుడు వేరేవాళ్లు ఉన్నారు. అందరికీ చదవడం వచ్చు. ఆ వీధిలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు కూర్చొని వినడం ఇప్పుడు లేదు.