పేరు కనబడని వాంగ్మూలం

మొన్న బుధవారం పొద్దున్న, మా దీవిలోనే చెల్లెలుండే లంబాలైన్ నుంచి ఫోను వచ్చింది. చేసింది మా చెల్లెలి పక్కింటావిడ. "దీదీ, మీ చెల్లి ఇక లేదు. టీ ఇద్దామని పిలిస్తే పలకలేదు" అంది. కూర్చున్న చోటే కళ్ళు మూసుకుని ప్రభువుకి చెప్పుకున్నాను. తరవాత చీర మార్చుకున్నాను.

మా చెల్లెలు మెత్తటి మనిషని రాస్తే తనే నవ్వుతుంది. చేపలు కోస్తూ కీర్తన పాడేది. మధ్యలో ఆపి ఎవరినో తిట్టి, మళ్ళీ ఆపిన చోటే అందుకునేది. ప్రార్థన కూటంలో ఎవరైనా గొంతు పెంచితే, "మెల్లగా అడగండి, దేవుడికి చెవుడు లేదు" అనేది. నాకు జ్వరమొస్తే మాత్రం గోల్ ఘర్‌లో మా ఇంటి దాకా గంజి గిన్నె పట్టుకుని వచ్చేది. "ముసలిదానివయ్యావక్కా, దుప్పటి కప్పుకోవడం కూడా రాదు" అంటూనే కప్పేది. అలా కప్పేవాళ్ళు నాకిక లేరు.

కొన్నాళ్ళ కిందట ఒక సాయంత్రం ఇంట్లోంచి వెళ్ళిన తన కొడుకు జెట్టీ దగ్గర నీళ్ళలో శవమై తేలాడు. ఆ సాయంత్రం వాడితో ఎవరున్నారో తెలుసుకోవాలని సమాచార హక్కు చట్టం కింద దర్యాప్తు కాగితాలు అడిగింది. దర్యాప్తు నడుస్తుండగా ఇవ్వడం కుదరదన్నారు. "నా కొడుకు పోయాడు గానీ వాడి కేసు బతికే ఉందంటక్కా" అంది. కేసు మూసేశాక ఇవ్వక తప్పలేదు. సాక్షుల పేర్ల మీద నల్ల సిరా పూసి ఇచ్చారు. చెప్పినవాళ్ళకు ముప్పు రాకుండా పేరు దాచే వీలు ఆ చట్టంలోనే ఉందట.

కాగితాలు హిందీలో ఉన్నాయి. తనకి హిందీ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కూతురు చదివి చెబుతోంది. నేనూ అక్కడే ఉన్నాను. వాడితో ఎవరున్నారన్నది ఎక్కడా లేదు. ఒకచోట పిల్ల ఆగిపోయింది.

"చదువు."

"ఏం లేదమ్మా. తరవాతి పేజీ..."

"చదవవే."

చదివింది. ఆ రోజు మధ్యాహ్నం తల్లి కొడుకుని 'ఎక్కడికైనా పోయి చావు' అందని ఎవరో చెప్పారు. అందుకే మనసు విరిగి దూకాడని పోలీసులు తేల్చారు.

ఆ మాట తను అన్నదే. కోపమొస్తే ఎవరినైనా అనేదే.

చెల్లెలు కూతురి వైపు తిరిగింది. "ఆ మధ్యాహ్నం ఇంట్లో మనం ముగ్గురమే. వాడు చచ్చాడు. నేను చెప్పలేదు. నువ్వెందుకు ఆగావో ఇప్పుడు తెలిసింది."

"నీకు బాధని ఆగానమ్మా. నేను కాదు."

"నా గేటు దాటి లోపలికి రాకు."

పిల్ల సిప్పీఘాట్‌లో అత్తవారింటికి వెళ్ళిపోయింది. పేరు కోసం అప్పీలు చేద్దామన్నాను. "తెలిసినదాన్ని మళ్ళీ అడగడం దేనికి?" అంది చెల్లెలు. ఆ తరవాత ప్రతి కూటంలోనూ, "ప్రభువా, నన్ను కొడుకుని చంపినదాన్ని చేసిన ఆ నోరు పడిపోవాలి" అని ప్రార్థించేది. నేను ఆమెన్ అనలేదు. పక్కింటావిడ అనేది.

చెల్లెలి భూస్థాపన అయ్యాక, వంటింట్లో కప్పులు కడుగుతూ పక్కింటావిడే చెప్పింది.

"నేనే దీదీ. గోడ అవతల్నించి వినిపించింది. పోలీసోళ్ళు అడిగితే ఉన్నమాటే చెప్పాను. అబద్ధం ఆడమంటావేటి?"

"పిల్లని వెళ్ళగొడుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"పేరు బయటికి రాదన్నారు దీదీ. రాలేదు కూడా. బస్, ఊరుకున్నాను."

ఇంకో కప్పు అందుకుంది.

నేను బయటికి వెళ్ళాను. సమాధుల దగ్గర్నుంచి అందరితోపాటు వచ్చిన పిల్ల గేటు బయటే ఉండిపోయింది. విన్నది చెప్పాను. ఏడవలేదు.

"అమ్మకి తెలుసా పెద్దమ్మా?"

"తెలీదమ్మా."

తలూపింది. నేను గేటు బార్లా తీసి, రమ్మన్నాను. ఇంట్లోకి వచ్చేదానిలాగే చెప్పులు విప్పింది. విప్పి, కాలే తారు రోడ్డు మీదే ఉత్త కాళ్ళతో నిలబడిపోయింది.