కాలేజీలో ఉడికిన పసుపు

మొన్న మా తమ్ముడి మనవరాలు నిజామాబాదు ఆసుపత్రిలో ప్రసవించిందని తెలిసి చూడబోతే, పసివాణ్ణి ఎత్తుకుందామని చేతులు చాపానో లేదో, అక్కడి నర్సు పిల్ల నా తెల్లజుట్టు వైపు ఒకసారి చూసి, బొడ్డుకు పసుపు గిసుపు పెట్టొద్దవ్వా అని గట్టిగానే చెప్పింది. నాకు కోపం రాలేదు సరికదా నవ్వొచ్చింది. అదే మాట మా ఇంట్లో చెప్పలేక ఒకప్పుడు నేనెంత అవస్థ పడ్డానో ఆ పిల్లకేం తెలుసు? నా ఈడు వాళ్ళకైతే చెప్పొచ్చు, మీ ఇళ్ళలోనూ పురుళ్ళు మూలగదిలోనే జరిగి ఉంటాయి కనుక.

డెబ్బయ్యవ దశకం మొదట్లో నేను నిజామాబాదులో మేనత్త ఇంట ఉండి బీయస్సీ చదివేదాన్ని. మాది వేల్పూరు, పసుపు పండించే ఇల్లు. ఆడపిల్లను పట్నంలో ఉంచి చదివించడమేమిటని ఊరు ముక్కున వేలేసుకున్నా బాపు వినలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమే మాకు సూక్ష్మజీవుల పాఠం కూడా చెప్పేది. ప్రయోగశాల అంటే పెద్దగా ఊహించుకోకండి. క్లాసంతటికీ రెండే మైక్రోస్కోపులు, కిరోసిన్ స్టవ్వు మీద బుసకొట్టే పెద్ద కుక్కరులాంటి ఆటోక్లేవు, గాజు పళ్ళేల్లో జున్నులా గడ్డకట్టిన అగర్, దాని మీద మొలిచే జీవులు. పరీక్షనాళికలకు దూది బిరడాలు చుట్టి చుట్టి వేళ్ళు నొప్పి పుట్టేవి. చేతులు కడుక్కోవడం నేర్పడానికి ఇంత కాలేజీ ఎందుకని మొదట్లో విసుక్కునేదాన్ని.

ఒకసారి మేడం, ఎవరింటి నుంచి వాళ్ళు ఏదో ఒక పదార్థం తెచ్చి అగర్ మీద చల్లి చూడమంది. బోధన్ వైపు నుంచి వచ్చే నా స్నేహితురాలు చెరుకు రసం తెచ్చింది, ఇంకొకామె పెరుగు తెచ్చింది. నేను మా ఇంటి పసుపు పట్టుకుపోయాను. పసుపు మీద ఏ పురుగూ బతకదని పుట్టినప్పటి నుంచి విన్నదాన్ని కాబట్టి, నా పళ్ళెం ఒక్కటే శుభ్రంగా ఉంటుందని అందరితో ముందే చెప్పి పెట్టాను. తీరా రెండు రోజులయ్యాక వెలుతురుకు పట్టి చూస్తే పసుపు పడిన చోటల్లా మరకలు మరకలుగా మొలిచి ఉన్నాయి. స్నేహితురాళ్ళు వారం పాటు నన్ను ఏడిపించుకు తిన్నారు.

మేడం మాత్రం నవ్వలేదు. మీ ఊళ్ళో పసుపు ఎట్లా తయారు చేస్తారని అడిగింది. కొమ్ములను పేడనీళ్ళతో కలిపి ఉడికిస్తామని, పేడతో అలికిన కల్లంలో ఎండబోస్తామని చెబుతుంటే నాకే గొంతు తగ్గిపోయింది. కొన్ని సూక్ష్మజీవులు ఉడికించినా చావకుండా విత్తనంలాంటి పెంకు కట్టుకుని పడి ఉంటాయని, ధనుర్వాతం తెచ్చేదీ పేడలో, మట్టిలో అట్లాగే దాగి ఉంటుందని, కాకపోతే అది గాలి తగిలేచోట పెరగదు కనుక ఈ పసుపులో ఉన్నదో లేదో మన పళ్ళెం చెప్పలేదని ఆమె వివరించింది. ఆ తరువాత చెప్పింది నా చెవికెక్కలేదు.

ఎందుకంటే అప్పటికి మా అక్క నెలలు నిండి మా ఇంట్లో ఉంది. బోధన్ దగ్గర చెరుకు రైతుల ఇంటికి ఇచ్చిన అక్క మొదటి కాన్పుకూ అట్లాగే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండోనాటి పురుడు వేడుక చేయకముందే దవడలు బిగుసుకుని, పాలు పట్టక, విల్లులా వంగిపోయి చనిపోయింది. దిష్టి అన్నారు, గాలి అన్నారు. ఆ పిల్ల బొడ్డు కోసి పసుపు అద్దింది మా నాయనమ్మ. ఆమెను అవ్వ అనేవాళ్ళం. మా వాడకట్టులో పిల్లలందరూ, నాతో సహా, అవ్వ చేతుల్లో పడ్డవాళ్ళే. అట్లాంటి మనిషికి పసుపు ముట్టవద్దని చెప్పడానికి నేనెవరిని?

మేడం దగ్గరికి పోయి ఏడ్చాను. ఏమీ పెట్టకపోవడమే మేలని, ముసలామె ఒప్పుకోకపోతే కనీసం ఇట్లా చేద్దామని, మా పసుపునే నాళికలో పోయించి, ఆవిరి ఒత్తిడితో ఆ పెంకు కట్టిన జీవులను సైతం చంపే ఆటోక్లేవులో పెట్టింది. బొడ్డు కోసి కట్టడానికి కొత్త బ్లేడు, దారం కూడా పెట్టింది. ఆ పసుపును మళ్ళీ అగర్ మీద చల్లి చూశాం. ఏమీ మొలవలేదు.

ఆర్మూరు మీదుగా పోయే బస్సులో ఆ నాళికలను ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ మోచెయ్యి తగలకుండా చేతులు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాను. అవ్వ నాళికను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఉడకబెట్టిన పసుపునే మల్ల ఉడకబెట్టిండ్రా? గిదేం సదువు బిడ్డా."

పేడ సంగతి, దుమ్ము సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. ఊ కొడుతూ విని, పసుపు మనింటిదే కదా అని దాన్ని రొంటిన దోపుకుంది. కాన్పునాడు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమంటే, అత్తగారి లెక్క ఆరళ్ళు పెడుతున్నానని మురిపెంగా విసుక్కుంటూనే కడుక్కుంది.

మగపిల్లవాడు. వాడు నోరు తెరిచి ఏడ్చినప్పుడల్లా అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. నోరు తెరుచుకుంటోంది, అంతే చాలు. అక్క అయితే ఆ రోజుల్లో కన్ను మూసిందే లేదు. పురుడు చేసుకున్నాం. బంధువులందరి ముందూ బాపు, మా బిడ్డ కాలేజీ పసుపే వీణ్ణి నిలిపిందని చెప్పుకుని పొంగిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ పొంగిపోయాను.

భోజనాల బంతులు లేచాక అవ్వ నన్ను పెరట్లోకి పిలిచి పక్కన కూచోబెట్టుకుంది.

"గట్లయితే బిడ్డా, ముందటి పిల్ల నా చేతులతోనే పోయిందా?"

నేను ఆ ప్రశ్న రాగలదని ఒక్కనాడు కూడా అనుకోలేదు. పిల్లవాణ్ణి కాపాడాలనుకున్నానే గాని, వాడు బతికితే ఆ బతుకే అవ్వకు ఏం చెబుతుందో నాకు తట్టలేదు.

"తెల్వదవ్వా," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ క్రిమిని నేను చూడలేదు, చూడనిదాన్ని తెలియదనడమే మాకు నేర్పిన శాస్త్రం. అవ్వ నా తల నిమిరి, మంచిదే, సదువుకో అని లేచిపోయింది. నమ్మిందని నేననుకోను.

ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే, తల్లులకు సూదిమందులు ముందే వేస్తున్నారు, ఆ జబ్బు లక్షణాలు చెబితే మా ఇంటి కోడళ్ళు వింతగా వింటారు. ఇంతకంటే కావలసిందేముంది? సంతోషమే. పుట్టిన పిల్లను ఎవరు మొదట పట్టుకున్నారో ఇవాళ ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. మా రోజుల్లో ఆ చేతులకు ఒక మనిషి ఉండేది, ఆమెకు ఊళ్ళో ఒక పేరుండేది. ఆ పురుడు తరువాత ఎవరింటి నుంచి కాన్పుకు పిలుపు వచ్చినా అవ్వ, కళ్ళు ఆనడం లేదు, వేరేవాళ్ళను పిలుచుకోండని పంపించేసేది. పోయేదాకా మా ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరింది మాత్రం ఆమే.