తబర్రుక్ అయిపోయిన ఆపద సంచి

ఈ సంగతిని కాగితం మీద పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. నా భార్య సుజాత చెప్పే కథలో నేను తిక్కలోణ్ని. బస్సు కండక్టర్ యాదయ్య చెప్పే కథలో పుణ్యాత్ముణ్ని. రెండు కథలూ జహీరాబాద్‌లో జోరుగానే తిరుగుతున్నాయి. నిజం మాత్రం ఈ రెంటికీ మధ్య ఎక్కడో వానలో తడుస్తూ నిలబడి ఉంది. దాన్ని లోపలికి పిలిచి, తల తుడిచి, మీ ముందు కూర్చోబెట్టడమే నా ఉద్దేశం. ఒక మనిషి చదివిన చదువంతా ఒక్క మధ్యాహ్నంలో ఎంత దూరం కొట్టుకుపోగలదో మీరే చూస్తారు.

నేను ఇంటర్‌తో కాలేజీ మానేసినా గ్రంథాలయం మానలేదు. అక్కడి ఫ్యానుకు ఏ రెక్క వంకరో కూడా నాకు తెలుసు. ఒకసారి అక్కడ విపత్తుల గురించిన పుస్తకం ఒకటి దొరికింది. వరదలోనో భూకంపంలోనో చిక్కుకుంటే అక్కరకొచ్చే తిండి సంచిని ప్రతి ఇంట్లోనూ ముందే కట్టి పెట్టుకోవాలని అందులో ఉంది. ఆ తిండి మోయడానికి తేలిగ్గా ఉండాలి, పొయ్యి అడగకూడదు, పాడవకూడదు, కొంచెం తిన్నా సత్తువ ఇవ్వాలి. చదివి బయటికొచ్చేసరికి మా ఊరికి వరద రాకపోవడం పెద్ద లోటనిపించింది.

ఎంపిక మొదలుపెట్టాను. బియ్యానికి పొయ్యి కావాలి, కొట్టేశాను. ఊరగాయ సీసా బరువు, పైగా దాహం. బిస్కెట్లు పొడైపోతాయి, పొడి కాకపోతే నేనే తినేస్తాను. చివరికి పరీక్షలో నెగ్గినవి మరమరాలు, పుట్నాలు, ఎండు ఖర్జూరాలు, కొబ్బరి ముక్కలు, చక్కెర బత్తాసలు.

"గివన్ని ఎందుకు? జొన్నరొట్టెలు ఎండబెడితె అయిపాయె గద" అంది సుజాత.

"రొట్టె వట్టి తిండి. ఇది శాస్త్రం."

"మంచిది. శాస్త్రం గొంతులకు అడ్డం పడితె నన్ను పిలువు, నీళ్లు తెస్త."

ఎవరి వాటా వాళ్లకు చిన్న చిన్న సంచుల్లో కట్టాలని పుస్తకం చెప్పింది. పక్కింటి దర్జీ కరీం భాయ్ దగ్గరికి వెళ్లాను.

"మాణిక్ భాయ్, పెండ్లి బట్టలు కుట్టంగ పచ్చ సాటిన్ ముక్కలు మస్తు మిగిలినయ్. వాటితోని కుడ్త. అంచుకు జర గోటా వెయ్యాల్నా?"

"బంగారు జరీ ఎందుకు భాయ్? తిండి పెట్టుకునే సంచులు."

"ఫికర్ జెయ్యకు, ముఫత్‌గనే వేస్త. ఖాళీగ ఉంటె నా చెయ్యి ఊకోదు."

అలా ఆకుపచ్చగా, అంచున బంగారు రంగుతో బుల్లి సంచులు తయారయ్యాయి. వాటన్నిటినీ ఒక పెద్ద సంచిలో సర్దాను. ఇక చీమల బెడద. పుస్తకంలో చెప్పిన మందు మా ఊళ్లో దొరకలేదు. ఘాటు వాసనకు చీమలు రావని నేనే ఆలోచించి, పెద్ద సంచిలో అగరుబత్తుల కట్ట పెట్టాను. ఈ ఒక్క ఆలోచనా నా సొంతం. దీనికి పుస్తకాన్ని నిందించకండి.

మీకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

వానాకాలంలో ఒకరోజు, కోహీర్ నుంచి వచ్చిన మా అత్తమ్మను తీసుకుని రాష్ట్రం హద్దు అవతల ఉన్న మరదలి ఇంటికి బస్సులో బయలుదేరాం. అత్తమ్మకు షుగర్. పొద్దున గోలీ వేసుకుంటే మధ్యాహ్నానికి కడుపులో ఏదో ఒకటి పడాలి, లేకపోతే మనిషి వణికి కూలబడిపోతుంది. సుజాత సద్ది కట్టబోతుంటే నేనే ఆపాను.

"సంచి ఉంది కదా" అన్నాను. ఆ మాటను ఆమె ఇప్పటికీ నా గొంతుతోనే నాకు వినిపిస్తుంటుంది.

చిరాగ్‌పల్లి దాటగానే ఒక లారీ రోడ్డుకడ్డంగా పడి ఉంది. మా ముందు లారీలు, వెనక లారీలు, రెండు పక్కలా చెరకు, పైన వాన. కనుచూపు మేరలో దుకాణం లేదు. బస్సులో అందరి ముఖాలూ వాడిపోతుంటే నా ముఖం మాత్రం పెళ్లికొడుకులా వెలిగింది. ఎన్నాళ్లకో ఆపద వచ్చింది.

అత్తమ్మ తినే వేళ కాగానే సంచి విప్పాను. అగరుబత్తుల వాసన బస్సంతా పాకింది. ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగి, పచ్చ సంచులను చూసి, తల మీద దుపట్టా సర్దుకుని రెండు చేతులూ చాపింది. ఆమె పేరు ఖైరున్నీసా బేగం అని తర్వాత తెలిసింది.

"ఏ దర్గా తబర్రుక్ బేటా?"

దర్గాలో ఏటా జరిగే ఉర్సు ఉత్సవానికి వెళ్లొచ్చినవాళ్లు పంచే ప్రసాదమే తబర్రుక్. మరమరాలు, పుట్నాలు, ఖర్జూరం, కొబ్బరి, బత్తాసలు. పచ్చబట్ట, ఊదు వాసన. నా శాస్త్రంలో ఒక్కటీ తప్పిపోలేదు. తబర్రుక్ అడిగినవాళ్లకు లేదనకూడదు. మా వైపు హిందువులకూ ముసల్మానులకూ అదే పద్ధతి.

"కాదమ్మా, ఇది ఆపద కోసం పెట్టుకున్న తిండి" అన్నాను.

"గదే కద బేటా. ఆపద పోవాల్ననే కద అందరం తినేది" అని ఒక సంచి అందుకుని కళ్లకద్దుకుంది.

యాదయ్య వచ్చి చెప్పులు విడిచాడు. సొంత బస్సులో చెప్పులు విడిచిన కండక్టర్‌కు లేదని ఎలా చెబుతారు?

"అన్నా, డ్రైవర్‌కు గూడ జరంత ఇయ్యి. లారీ జల్ది లెవ్వాలె."

"అది కాదు తమ్మీ, ఇది గ్రంథాలయంలో..."

"ఏ బాబా అయితేంది అన్నా" అని దోసిలి పట్టాడు.

ఇంతలో అత్తమ్మ నా ఒళ్లోంచి సంచి లాక్కుంది. "ఇటియ్యి అల్లుడా. పంచేటిది మొగోని చేతుల ఏం అందం" అని లేచి నిలబడి, ఒక్కొక్కరి దోసిట్లో పోయడం మొదలుపెట్టింది. బస్సంతా ఆమెకు దండం పెట్టింది. ఒకాయన కాళ్లు కూడా మొక్కాడు.

"మీరు ముందు తినండి అత్తమ్మా."

"పంచెటోళ్లు ఆఖరికి తినాలె బిడ్డా."

ఆఖరి సంచి ఆఖరి సీటుకు పోయింది. పెద్ద సంచి బోర్లిస్తే అగరుబత్తులు రాలాయి.

అత్తమ్మ వచ్చి కూర్చుంది. కాసేపటికి ఆమె నుదుట చెమట పట్టింది, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. సుజాత తల్లి తలను భుజానికి ఆనించుకుని నా వైపు చూసింది. "ఏమన్న ఉన్నదా పెట్టనీకి?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను లేచి సీటు సీటుకూ తిరిగాను. "జర ఒక్క బత్తాస ఉంటే ఇయ్యండి" అని, ఇంతకుముందే పంచిన దానికోసం చెయ్యి చాపాను. అందరూ భక్తిగా మొత్తం తినేశారు. వెనక్కి వచ్చేసరికి ఖైరున్నీసా బేగం, మనవడి కోసం తన వాటా దాచిపెట్టిన దుపట్టా కొంగు ముడి విప్పుతోంది. బత్తాస తీసి అత్తమ్మ నోట్లో పెట్టింది, దువా చదివి ముఖం మీద ఊదింది.

"నమలు బెహన్, నిమ్మలంగ."

ఇంకో బత్తాస, ఒక ఖర్జూరం, తర్వాత పుట్నాలు. వాన చప్పుడొక్కటే. నెమ్మదిగా అత్తమ్మ చేతుల వణుకు తగ్గింది. కళ్లు తెరిచి, "పానం నిమ్మలమైంది" అంది. సుజాత అప్పుడు ఏడ్చింది.

"చూసిన్రా మహిమ" అన్నాడు యాదయ్య, నాకు దండం పెడుతూ. షుగర్ పడిపోతే తీపి పెట్టాలని, అది మహిమ కాదని వివరించబోయాను. అప్పుడే ముందు లారీ కదిలింది. ఇక నా మాట ఎవరు వింటారు?

"అల్లుడా, గా దర్గా యాడున్నదో చెప్పు. యేటేట పోయి మొక్కు తీర్చుకుంట" అంది అత్తమ్మ.

సాయం కోసం సుజాత వైపు చూశాను. "చెప్పు, నీకే ఎరుక గద" అంది.

"దర్గా లేదు అత్తమ్మా. అదంతా మన వంటింట్లో కట్టిందే."

అత్తమ్మ కింద రాలిన అగరుబత్తి ఒకటి తీసి కళ్లకద్దుకుంది. "అయితె మీ ఇంటికే వస్త బిడ్డా. యేటేట."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నేను కట్టే ఆపద సంచి సిమెంటు రంగులోనే ఉంటుంది, ఏ వాసనా రాదు, అందులో ఎవరూ కళ్లకద్దుకోని ఎండు రొట్టెలే ఉంటాయి.

అడగకుండానే గోటా వేసిన కరీం భాయ్‌కి, చెప్పులు విడిచిన యాదయ్యకు, మనవడి వాటా ఇచ్చేసిన ఖైరున్నీసా బేగంకు, ఆ రోజు అరవని సుజాతకు నా కృతజ్ఞతలు. మా అత్తమ్మ నర్సమ్మకు మాత్రం స్వయంగానే చెబుతాను. మొక్కు కోసం వచ్చి పక్క గదిలోనే ఉంది. ఎప్పుడు పోతుందో ఇంకా చెప్పలేదు.