నా తల వెనుక వెలుగు

తొంభైల చివర్లో కొత్తగూడలో ఉండేవాణ్ణి. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో మాట్లాడుతూ, తీరికవేళ ఫొటో స్టూడియో నడిపే మిత్రుడు యాదగిరి దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకునేవాణ్ణి. వెనుక నుంచి పడే ఎండ జుట్టును ఎలా వెలిగిస్తుందో చూపడానికి ఒక ఉదయం నన్నే కిటికీకి వీపు పెట్టి కూర్చోమన్నాడు. "తల జర పైకెత్తు అన్నా, కండ్లు సగం మూయి" అంటూ ఫొటో తీశాడు.

నెల తర్వాత చందానగర్‌లో ఒక కిరాణా కొట్లో, తల చుట్టూ వెలుగుతో అదే ఫొటో కనిపించింది. దానికి దండ, ముందు అగరుబత్తులు!

"అది నేనేనమ్మా" అన్నాను.

"యాదగిరి స్టూడియోల తెచ్చిన సామి ఫొటో అది. గట్లనకు, లెంపలేసుకో!" అని కొట్టావిడ కసిరింది.

వెళ్లి నిలదీస్తే యాదగిరి నవ్వాడు. "నీ మాట ఎవ్వరు ఇంటలేరు గదన్నా, నీ మొకానికైతే మొక్కుతున్నరు."

నా ముఖంతోపాటు నా నమ్మకాన్నీ అమ్మేశాడు. అతనితో మళ్లీ మాట్లాడలేదు. ఎవరి తల చుట్టూ వెలుగు కనిపించినా, కిటికీ ఎటుందని ఇప్పటికీ అడుగుతాను.