వినపడలేదని చెప్పడం

నా చిన్నప్పుడు తెలుగు నాకు పరాయి భాష. అమ్మది తెలుగే అయినా నాన్న బెంగాలీ, ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్‌లో బెంగాలీయే నడిచేది. అమ్మ పోయాక, తొమ్మిదేళ్ల నన్ను పొదిలి దగ్గర మా మేనమామ ఇంటికి చేర్చారు. ఏడ్చినట్టు గుర్తు లేదు. ఎవరేమడిగినా తల ఊపేదాన్ని.

ఆరు నెలల్లో అక్షరాలు వచ్చాయి కానీ, డిక్టేషన్‌లో ‘ళ’ ఉన్నచోటల్లా ‘ల’ రాసేదాన్ని. నా చెవికి రెండూ ఒకటే. పలికితే పిల్లలు నవ్వారు, పలకడం మానేశాను. వేసవి సెలవుల తరువాత మళ్లీ పరీక్షిస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే ఒకటో తరగతిలో కూర్చోబెట్టక తప్పదని హెడ్మాస్టరు గారు మామయ్యతో చెప్పారు.

పక్కింటి అత్త మిరప కల్లంలో కాయలు ఏరేది. మంచి కాయల్లోంచి రంగు వెలిసిన తాలు కాయలను వేరు చేయడం కొత్త కూలీలకు ఆమే నేర్పేది. హెడ్మాస్టరు గారి మాట విని, ఆ సెలవుల్లో నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది.

“నేను ‘కల’ అంటే కాయ కుడిపక్కనెయ్యి, ‘కళ’ అంటే ఎడంపక్కన. నువ్వు నోరు తెరవొద్దు. ముందు చెవి కుదరాలి.”

తప్పిన కాయను ఏమీ అనకుండా రెండో కుప్పలోకి విసిరేది. నాలుగో రోజు ఒక్కటీ తప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు. నాకేమీ అనిపించలేదు. నిజానికి నేను వినడం లేదు. నాలుక మడిచినప్పుడు ఆమె గడ్డం కదిలే తీరు చూస్తున్నాను.

ఆమె కాసేపు నన్ను గమనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పులు మళ్లీ మొదలయ్యాయి.

“ఏమే, కళ్లతో వింటున్నావా? ఇప్పుడు ఇనపడిందా?”

తల ఊపాను.

“ఊపమాక. ఇనపడకపోతే ఇనపళ్లేదని చెప్పు. తాలు కాయ కూడా మొదట్లో ఎవరికీ కనపడదు. కనపడిందని అబద్ధమాడే వాళ్లకి నేనేం నేర్పను?”

“వినపడలేదు,” అన్నాను. ఆ కల్లంలో నేను పైకి అన్న మొదటి మాట అదే.

ఆ తరువాత నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, వరుసలోని ఆడవాళ్లందరి చేతా ఆ రెండు మాటలూ అనిపించింది.

“ఏంది వదినా, కూలికొచ్చామా, బళ్లోకొచ్చామా?” అని ఒకామె ఎకసెక్కమాడింది.

“నీ బొంగురు గొంతులో ఇనపడితే ఇంకెవరిదైనా ఇనపడుద్ది. అనవే!”

ఒకే మనిషి పలికితే నేను ఆ గొంతునే నేర్చుకుంటానని ఆమెకెలా తోచిందో తెలియదు. మెల్లగా తేడా వినపడసాగింది. ఎన్ని రోజులకో రాసుకోలేదు కనుక చెప్పలేను. అది ఆమె పద్ధతి వల్లనేనని రుజువు కూడా చేయలేను. ఆ రోజుల్లో ఊరంతా తెలుగే కదా నా చుట్టూ.

సెలవుల తరువాత డిక్టేషన్‌లో రెండే తప్పులు వచ్చాయి. “అయితే ‘ళ’ వచ్చేసిందన్నమాట,” అన్నారు హెడ్మాస్టరు గారు. “వినపడుతోందండి. పలకడం ఇంకా రాలేదండి,” అన్నాను. ఆయన నాలుగో తరగతి గది చూపించారు.

ఆ సాయంత్రం సంగతి చెబితే, అత్త మొదటిసారి అడిగింది: “మీ అమ్మ మీద బెంగగా ఉందా?”

“తెలియట్లేదత్తా.”

“సరేలే,” అని, తన పక్కన చోటు చేసి కూర్చోమంది.

పెద్దయ్యి పరిశోధనలోకి వెళ్లాక, ప్రయోగశాలలో గడిపిన ఏళ్లన్నిటా, ఫలితం కనిపించనప్పుడు కనిపించలేదనే రాశాను. ఆ వేసవిలో నేను దుఃఖించానా అని ఎవరైనా అడిగితే కూడా, వాళ్లకు నచ్చే జవాబేదీ వెతకను. తెలియదనే చెబుతాను.