సాక్సుల్లో పాలిథిన్ కవర్లు

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఉన్న మర్యాద మనిషికి ఉండేది కాదు. ఏసీ దానికే, కుట్టించిన గుడ్డ తొడుగు దానికే, దాని ముందు కూర్చోవాలంటే గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడవాల్సిందే. (దుమ్ము పడితే పాడైపోతుందట. బయట మాదాపూర్ అంతా బండలు పేల్చి భవనాలు లేపుతున్నారు, దుమ్మంతా మాత్రం నా చెప్పుల్లోనే ఉన్నట్టు!) తొంభైల చివర్లో హైటెక్ సిటీ చుట్టుపక్కల అందరూ ఈ నియమాన్ని భక్తిగా పాటిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. చెప్పులు విడిస్తే కనిపించేవి నా పాదాలు మరి.

నాన్న వైపు నుంచి నాకు పొలం రాలేదు, స్థలం రాలేదు, చర్మం వచ్చింది. పుట్టిన కొన్నాళ్లకే అరచేతులూ అరికాళ్లూ పసుప్పచ్చగా, మందంగా బిరుసెక్కిపోయాయి, ఆపైన పగుళ్లు. చాలా అరుదైన జబ్బనీ, రక్తంలో వచ్చిందనీ, ఎవరికీ అంటుకోదనీ, పూర్తిగా పోదు కాబట్టి రోజూ చూసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. అలా సాయంత్రమయ్యేసరికి మదీనాగూడలోని మా అద్దె ఇంట్లో రెండు బేసిన్ల గోరువెచ్చటి ఉప్పునీళ్లు సిద్ధం. ఒకదాంట్లో నాన్న కాళ్లు, ఒకదాంట్లో నావి. నానాక రాయితో రుద్ది, ఆయింట్‌మెంట్ పూసి, పైన పాలిథిన్ కవర్లు కట్టి, వాటి మీద సాక్సులు వేసుకునేవాళ్లం. అందుకోసం అమ్మ కూరగాయల కవర్లన్నీ కడిగి దండెం మీద ఆరేసేది. ఇంటి ఓనరమ్మ చూసినప్పుడల్లా "జర ఆముదం రాయ్ బిడ్డా, ఇగ ఫికర్ ఉండదు" అనేది. మా అత్తయ్యయితే పోయిన జన్మలో పామును తొక్కానని తేల్చేసింది. (ఆ పాము మళ్లీ కనపడితే ఈసారి నిజంగానే తొక్కేదాన్ని.) వీళ్లందరికంటే నాకు నాన్న మీదే కోపం. బస్సులో ఎవరైనా తన కాళ్ల వైపు చూస్తే సారీ అండి, చిల్లర తీసుకుంటూ చెయ్యి తగిలితే సారీ అండి. ఆ సారీ వింటే నాకు జబ్బుకంటే ఎక్కువ నొప్పి పుట్టేది.

అంతకుముందు ఇంటర్వ్యూల్లో నా చేతులు చూడగానే ముఖాలు మారిపోవడం నాకు అలవాటే. హైటెక్ సిటీ పక్కనే కొత్తగా పెట్టిన ఒక కంపెనీ మాత్రం ఇంటర్వ్యూ లేదు, కంప్యూటర్ మీద పరీక్ష, నెగ్గితే ఉద్యోగం అంది. ఇంతకంటే ఏం కావాలి! నాన్న స్కూటర్ మీద దింపి వరండాలో కూర్చున్నాడు. ఆ వారం పగుళ్లు మరీ బాధపెడుతున్నాయని కవర్లు తియ్యకుండానే వచ్చాను. చెప్పులు విడిచి, సాక్సులతోనే లోపలికి నడిచాను. పరీక్ష మొదలైంది. కంగారు పుడితే కాలు ఊపడం నాకు అలవాటు. ఆ నిశ్శబ్దంలో గరగర, గరగర.

"ఎవరండీ చిప్స్ తింటోంది? కీబోర్డుల్లో ముక్కలు పడితే మీరు కొనిస్తారా?" అంటూ లేచాడు ల్యాబ్ ఇన్‌చార్జి. చప్పుడు వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చాడు. "ప్యాకెట్ తియ్యండి." లేదన్నాను. వంగి బల్ల కిందకు చూశాడు. "సాక్సుల్లో దాచారా!" (సాక్సుల్లో దాచుకుని చిప్స్ తినే ఖర్మ ఎవరికైనా ఉంటుందా, మీరే చెప్పండి!) ఇక నా వల్ల కాలేదు. సాక్సు పీకి, కవరు పీకి, కాలు అతని ముందు చాపాను.

"ఇదిగోండి సార్, తినండి!"

అతను వెనక్కి గెంతాడు. "అమ్మో, ఇదేంటి? అందరూ ముట్టుకునే కీబోర్డు అది! మీరు బయటికి నడవండి."

"నడవను. అంటుకునే జబ్బు కాదు."

పక్క సీటమ్మాయి, ముఖపరిచయం కూడా లేని మనిషి, కల్పించుకుంది. "ఏంది సార్ గిట్ల మాట్లాడ్తరు? పక్కన కూసున్న నాకే లేని పరేషాన్ మీకెందుకు? రాయనియ్యుండ్రి."

ఈ గొడవకి నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు. చేతులు అప్పుడే జోడించుకున్నాడు. అయిపోయింది, ఇంత పోట్లాడాక ఇప్పుడు సారీ చెప్పి నన్ను తీసుకుపోతాడు అనుకుని పళ్లు కొరుక్కున్నాను. నాన్న నా కాలు చూశాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అచ్చం అవే పాదాలు.

"అంటుకుంటుందా అండీ ఇది?" అన్నాడు ఇన్‌చార్జి.

"అంటుకుంటుందండి," అన్నాడు నాన్న నెమ్మదిగా. గదంతా ఉలిక్కిపడింది. "నాకు పుడితేనే అంటుకుంటుంది. మీరు నాకు పుట్టలేదు కదండీ, భయపడకండి. అమ్మాయిని రాయనివ్వండి."

ముందు పక్క సీటమ్మాయి ఫక్కున నవ్వింది, తర్వాత గదంతా నవ్వింది. ఇన్‌చార్జి ముఖం కందిపోయింది. "సరే, కానివ్వండి" అని తన కుర్చీలోకి వెళ్లిపోయాడు. ఒక కాలికి సాక్సు, ఒక కాలికి ఏమీ లేకుండా, ఆ కోపమంతా కీబోర్డు మీద చూపిస్తూ రాశాను. (అది ఆ తర్వాత ఎన్నాళ్లు బతికిందో నాకు తెలియదు.) ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని నాన్న "సారీ తల్లీ" అన్నాడు. "నాకెందుకు చెప్తావు? నేనేమైనా బస్సులో పక్క సీటు మనిషినా?" అని ఇంతెత్తున లేచాను.

ఇప్పుడు ఆఫీసుల్లోకి అందరూ బూట్లతోనే వెళ్తున్నారు. నల్లగండ్లలో మా ఫ్లాట్‌లో సాయంత్రాలు మళ్లీ రెండు బేసిన్లే, ఒకటి నాది, ఒకటి మా అమ్మాయిది. మొన్న అది రుద్దుకునే రాయి విసిరికొట్టి "నాకే ఎందుకొచ్చింది?" అని అరిచింది. సారీ నా నోటిదాకా వచ్చింది. అది కళ్లెర్రజేసి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఆ రోజు ల్యాబ్‌లో ఇన్‌చార్జి వైపు నేను చూసిన చూపే. నవ్వాగలేదు.

"నాకు పుట్టావు కదే," అన్నాను. "ఆ రాయి ఇటు తే."